లీలానిలయంలో దొంగ సిగ్నల్

హెడ్‌ఫోన్‌లో ఎవరో నాలుక గీసుకుంటున్నారు.

గీసి, కాండ్రించి, ఉమ్మి, మళ్ళీ గీస్తున్నారు. దీనా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఇంకా ఉంది," అన్నాడు చీఫ్ రాజబాబు. "తరవాతది ఎవరిదో పడగ్గది. ఆ పైన స్నానాల గది. వింటావా?"

"వద్దు సార్. పొద్దున తిన్న ఇడ్లీ ఇంకా అరగలేదు."

ఫిల్మ్ నగర్‌లో ఆ బిల్డింగ్‌కి బయట డబ్బింగ్ థియేటర్ అని బోర్డు ఉంటుంది. తలుపు దగ్గర వాచ్‌మన్ "లిప్ సింక్ కుదిరిందా?" అని అడుగుతాడు. "ఒక్క అక్షరం తేలిపోయింది" అన్నవాళ్ళకే లోపలికి దారి. మెత్తలు కుట్టిన ఆ గోడల మధ్య ఏం మాట్లాడినా బయటికి పోదు. దేశం కోసం రహస్యంగా పనిచేసే ఆఫీసుకి అంతకన్నా మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

"ఎవరి ఇళ్ళు సార్ ఇవి?"

"జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్. నటులు, నిర్మాతలు, డాక్టర్లు. వాళ్ళ వైఫైలోంచి, ఫోన్లలోంచి, గోడలకి తగిలించుకున్న కెమెరాల్లోంచి పీల్చినవి. సముద్రం అవతల కూర్చుని ఒక ముఠా ఇదంతా వింటోంది. మనం దానికి పెట్టిన కోడ్‌నేమ్ జలగ."

"జనం కాపురాలు విని ఏం చేసుకుంటారు? ఛీ!"

"వాళ్ళకి కావాల్సింది ఒక్క ఇల్లే. మిగతావన్నీ దారిలో తగిలినవి."

గోడ మీద ఫోటో వెలిగింది. తెల్లటి రెండంతస్తుల ఇల్లు. గేటు మీద ఇత్తడి అక్షరాలు: లీలానిలయం.

"నిర్మాత వెంకటేశ్వరరావు గారిది. భార్య లీలాకుమారి. కూతురు భువన పురిటికి వచ్చింది, పాపకి మూడో నెల. భువన నేవీ కోసం పనిచేసే సైంటిస్ట్. సముద్రంలో మన ఓడలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఒక సంకేతం ఉంటుంది. అది రాసేది ఆమే. రేపు ఇంట్లోంచే దాన్ని మారుస్తోంది. ల్యాబ్ ఇచ్చిన ల్యాప్‌టాప్, ఇంటి వైఫై. ఆ ఇంట్లో జలగ ఒక దొంగపెట్టె పెట్టింది. భువన పాస్‌కోడ్ కొట్టి ఎంటర్ నొక్కితే అది ల్యాబ్‌కి వెళ్ళదు. జలగకి వెళుతుంది."

"వెళితే?"

"రాత్రికి శత్రువు ఓడ మన ఓడలా పలకరిస్తుంది. మనవాళ్ళు నమ్మి దగ్గరికి రానిస్తారు."

దీనా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు లియో నేవీలో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, "అమ్మా, బయల్దేరుతున్నాం. కొన్నాళ్ళు ఫోన్ ఉండదు. ఊరికే ఏడవకు" అన్నాడు. అప్పటినుంచి యూసుఫ్‌గూడలో తన ఇంట్లో అన్నం వండుతోంది గానీ రుచి తెలియడం లేదు. నీళ్ళంటే చాలు, బకెట్‌లో నీళ్ళు చూసినా ఆమెకి ఓడ మునుగుతున్నట్టే కనిపిస్తోంది.

"ఏ ఓడ సార్?"

"అది నీకు అనవసరం."

"నా కొడుకు..."

రాజబాబు చక్కెర ఎప్పుడో కరిగిపోయిన టీని చెంచాతో ఇంకా కలుపుతూనే ఉన్నాడు. దీనాకి ఆ జవాబు సరిపోయింది.

"భువనకి ముందే చెప్పేద్దాం సార్. పని ఆపేస్తుంది."

"ఆ ఇంట్లో ఏ మాట అన్నా జలగ వింటుంది. ఆ పెట్టె పంపేది అందుకునే వ్యాన్ ఒకటి దగ్గర్లోనే ఎక్కడో ఉంది. విన్న నిమిషంలో అది మాయమవుతుంది. ఇన్ని ఇళ్ళ గొంతులూ ఆ వ్యాన్‌లోనే ఉన్నాయి. నువ్వు దొంగపెట్టెని కనిపెట్టు. దాని సిగ్నల్ పట్టుకుని మన ఓంప్రకాష్ బయట వ్యాన్‌ని వెతుకుతాడు. వ్యాన్ దొరికేదాకా రెండే రూల్స్. పెట్టె ఆరకూడదు. భువన ఎంటర్ నొక్కకూడదు."

"లోపల మనవాళ్ళు?"

"హరిణి. జలగలో మనం పెట్టిన మనిషి, కోడ్‌నేమ్ నెమలి. పెట్టె టెర్రస్ మీద నీళ్ళ ట్యాంక్ వెనక ఉందని కబురు పంపింది."

హరిణి అంటే మూడు సినిమాల హీరోయిన్. నాలుగోది సగంలో ఆగిపోయింది. ఇప్పుడు పెద్దిళ్ళకి డిజిటల్ వాస్తు చెబుతోంది.

రాజబాబు సొరుగులోంచి తలనొప్పి బామ్ డబ్బా ఒకటి, ఒక జత చెవి దుద్దులు తీసి ఇచ్చాడు. దొంగ సిగ్నల్ దగ్గరికి వెళితే డబ్బా వణుకుతుంది. దుద్దుల్లోంచి ఓంప్రకాష్ మాట్లాడతాడు. గొంతు బయటికి రాకుండా పెదవులు కదిపినా అవి అందుకుంటాయి.

"బామ్ పనిచేస్తుందా సార్?"

"డబ్బా మాత్రమే పనిచేస్తుంది."

మర్నాడు పొద్దున్న నెట్ కంపెనీ నీలం చొక్కా వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకుని, దీనా లీలానిలయం గేటు తీసింది. నెట్ నత్తలా నడుస్తోందని ఇంటివాళ్ళు ఎప్పుడో కంప్లయింట్ ఇచ్చారు. ఆఫీసు ఆ కంప్లయింట్‌ని మధ్యలో పట్టుకుంది.

"వచ్చావా తల్లీ! వారం నుంచి చూస్తున్నాం," అంది లీలాకుమారి ఎదురొచ్చి. అరవై దాటిన మనిషి, పసుపు రాసిన కాళ్ళు, చేతిలో ఫోను. "మా ఆయన సీరియల్ చూస్తుంటే అది గిర్రున తిరుగుతూనే ఉంటుందమ్మా. విలన్ కత్తి ఎత్తి పట్టుకుని అలా నిలబడిపోతాడు."

హాల్లో అడుగుపెట్టగానే దీనాకి ఒళ్ళు జలదరించింది. వెంకటేశ్వరరావు గారు ఉయ్యాల బల్ల మీద పడుకుని స్పీకర్ ఆన్ చేసి ఎవరో హీరో డేట్ల గురించి అరుస్తున్నాడు. పనిమనిషి కొమురమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, పీచు అంటిన వేలితోనే ఫోన్ తెర మీద ఒక్కో రీల్ పైకి తోస్తోంది. డైనింగ్ టేబుల్ మీద ట్యాబ్. దాని మీద ఎండిన పెరుగన్నం, వేలిముద్రలు, ఒక వెంట్రుక. గోడకి వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద పెద్దక్షరాలతో అంటించి ఉంది, డ్రైవర్లూ మేకప్‌మేన్లూ వచ్చినప్పుడల్లా అడుగుతారని. ఇంటి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. దొంగకి అంతకన్నా మర్యాద ఇంకేముంటుంది?

ఇదంతా ఒక ఎత్తు. పాప ఉయ్యాల ఒక ఎత్తు. ఉయ్యాల తాడుకి రిబ్బన్‌తో ఒక ఫోను కట్టి వేలాడదీశారు. అందులో పాట వస్తోంది. పాప ముఖం మీద నీలం వెలుగు పడుతోంది. ఫోన్ కెమెరా కన్ను సరిగ్గా పాప నోటి పైన తెరుచుకుని ఉంది. ముడి జారితే ఆ బరువు ఎక్కడ పడుతుంది? ఆ కంట్లోంచి ఇప్పుడు ఎవడు చూస్తున్నాడు? ఏం నములుతూ చూస్తున్నాడు?

దీనా ఊరుకోలేకపోయింది. రిబ్బన్ విప్పి ఫోన్ తీసి పక్కన బోర్లా పెట్టింది.

"అది లేకపోతే ఏడుస్తుందమ్మా," అంది లీలాకుమారి.

"ఏడవనివ్వండమ్మగారూ. ఏడిస్తే ఎత్తుకోండి. రూటర్ ఎక్కడుంది?"

రూటర్ వరండా గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ కింద ఉంది. దీనా మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది. బూట్లు, తెగిన చెప్పులు, ఎవరిదో గట్టిపడిన మేజోడు. వాటి వెనక బూజులో చుట్టుకుని, బల్లి రెట్టలతో, బొద్దింకల పెంటతో నల్లబడి, ఒక్క పచ్చదీపం గుడ్డిగా మిణుకుతోంది. పెట్టె వేడికి ఆ కుళ్ళంతా ఉడుకుతున్నట్టు వాసన. ఈ ఇంటి మాటలు, పాప బొమ్మలు అన్నీ ఇందులోంచే నడవాలి. దీనా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుందామనుకుంది. చొక్కాకి కొంగు లేదు.

"ఇక్కడెందుకు పెట్టారండీ?"

"హరిణి గారు పెట్టించారు. ఇదివరకు హాల్లో ఉండేది. తరంగాలు ఇంటి గుండె మీద పడితే గొడవలట. ఇక్కడ పెట్టాక మా ఆయన సినిమా ఒకటి రిలీజయింది తెలుసా!"

"ఆడిందాండీ?"

"రిలీజయిందమ్మా."

దీనా తన ఫోన్ తీసి చూసింది. ఇంత మూల రూటర్ పెడితే లోపలి గదుల్లో సిగ్నల్ చచ్చిపోవాలి. కానీ హాల్లో నిండుగా ఉంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్. నిండుగా ఉంది గానీ నత్త నడక. అంటే ప్రతి మాటా ఎక్కడో ఆగుతోంది. ఎవరో చూసి, చప్పరించి, వదిలాక వెళుతోంది. ఎంగిలి నెట్. దీనా ఫోన్‌ని చొక్కాకి తుడిచి జేబులో పెట్టింది.

టెర్రస్ ఎక్కింది. ట్యాంక్ చుట్టూ తిరిగింది. బామ్ డబ్బా కదల్లేదు.

మెట్లు దిగి హాల్లోకి వస్తుంటే పూజగది ముందు డబ్బా జేబులో పిల్లిలా గుర్రుమంది.

పూజగది గుమ్మం పక్కనే తూర్పుముఖంగా చిన్న బల్ల, దాని మీద ల్యాబ్ ల్యాప్‌టాప్. లోపల దేవుడి పటాల మధ్య నూనె లేని రాగి దీపం, గాజు బుడ్డిలో కరెంటు జ్వాల.

"శక్తిదీపం," అంది లీలాకుమారి లెంపలేసుకుని. "హరిణి గారు ఇచ్చారు. ఎప్పుడూ ఆర్పకూడదట. మేమైతే దాన్ని తుడవను కూడా తుడవం."

పూజగదిలో ఉన్నదాన్ని ఈ ఇంట్లో ఎవరూ కదపరు, బోర్లించి చూడరు. పోలీసు కుక్క కూడా గుమ్మం దాటదు. జలగకి ఇళ్ళ సంగతి బాగా తెలుసు. కాదు, జలగకి హరిణి తెలుసు.

ట్యాంక్ వెనక అని అబద్ధం చెప్పింది ఎవరో దీనాకి ఇక వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. చెంప గోక్కుంటున్నట్టు దుద్దు మీద వేలు పెట్టి, గొంతు రాకుండా పెదవులు కదిపింది. "పెట్టె దొరికింది. పూజగది. నెమలి మనది కాదు."

"సిగ్నల్ పట్టిన అక్కా," అంది ఓంప్రకాష్ గొంతు. "ఫికర్ చెయ్యకు. ఈ గల్లీల్నే ఉన్నట్టుంది. షూటింగ్ వ్యాన్లు నాలుగున్నయ్. జర టైమ్ కావాలె."

అప్పుడే వరండాలో పరిమళం ముందు వచ్చి, దాని వెనక హరిణి వచ్చింది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. ఎత్తు మడమల చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది. ఒక్క గోరు కూడా విరగని వేళ్ళు. దీనా పక్కనుంచి వెళుతూ పెదవులు కదలకుండా అడిగింది.

"టెర్రస్ చూశావా?"

"చూశాను."

"ఉందా?"

"ఉంది," అంది దీనా.

హరిణి నవ్వింది. నవ్వాల్సిన దానికంటే ఒక్క క్షణం ముందే నవ్వింది.

"ఆంటీ! ముహూర్తం దగ్గర పడింది. భువన ఏదీ?"

బాలింత మళ్ళీ పని మొదలుపెట్టాలంటే మంచి ఘడియ చూడాలంది లీలాకుమారి. సినిమావాళ్ళ ఇల్లు, క్లాప్ కొట్టడానికీ ముహూర్తమే, కుక్కకి గొలుసు కొనడానికీ ముహూర్తమే. ఆ ఘడియ పెట్టిచ్చింది హరిణి. భువన ఏ క్షణంలో ఎంటర్ నొక్కుతుందో జలగకి వారం ముందే తెలుసు.

భువన తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. "నేను నమ్మి కూర్చోవడం లేదే అమ్మా. నువ్వు ఏడుస్తావని."

"ఏదో ఒకటి. తూర్పు వైపు చూడు."

దీనా చెప్పుల స్టాండ్ దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది గానీ చూపంతా ల్యాప్‌టాప్ మీదే ఉంది.

"ఓంప్రకాష్, ఏమైంది?" అని పెదవులు కదిపింది.

"దొరికింది అక్కా! క్యారవాన్ అని రాసున్నది. లోపల గడియ వెట్టుకున్నరు. తలుపు కోస్తున్నం. ఇంక రెండు నిమిషాలు ఆపు."

తెర మీద ల్యాబ్ పేజీ తెరుచుకుంది. అచ్చం ల్యాబ్ పేజీలానే ఉంది. భువన వేళ్ళు పాస్‌కోడ్ కొడుతున్నాయి. హరిణి వాచీ చూస్తూ, "ఇప్పుడే... ఇంకొక్క క్షణం..." అంటోంది.

అరిస్తే వ్యాన్ వింటుంది. తీగ పీకితే వ్యాన్ పారిపోతుంది. ఊరికే ఉంటే లియో...

చీకట్లో నల్లటి నీళ్ళు, వాటి మీద పలకరించుకుంటూ దగ్గరకొస్తున్న రెండు దీపాలు దీనా కళ్ళముందు కదిలాయి. ఒక దీపం కింద తన బిడ్డ.

ఈ ఇంట్లో పనిని ఆపగలిగేది ఒక్కటే ఉంది. దీనా తుమ్మాలని చూసింది. రాలేదు. ముక్కు నులిమింది, ఎండ వైపు చూసింది. రాలేదు. మనిషికి అవసరమైనప్పుడు తుమ్ము కూడా రాదు.

ఆమె రూటర్ వైపు చూసింది. బూజు, పెంట, బల్లి రెట్టలు. ఛీ ఛీ. కళ్ళు మూసుకుంది. చూపుడువేలితో పైనుంచి కిందిదాకా ఒక్క గీత గీసి, ఆ నల్లటి వేలిని తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

ఆ తుమ్ముకి చెప్పుల స్టాండ్ అదిరింది.

"ఆగవే!" లీలాకుమారి ల్యాప్‌టాప్‌కీ కూతురి వేలికీ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది. "తుమ్మారు! వెనక్కి కూర్చో. కొమురమ్మా, మంచినీళ్ళు!"

"అమ్మా, నేను సైంటిస్ట్‌ని!"

"సైంటిస్ట్‌వైతే నీళ్ళు తాగవా? తాగు!"

దీనా తలవంచుకుని కళ్ళు తుడుచుకుంది. చర్చిలో పాస్టర్ గారి ప్రార్థన మధ్యలో ఎన్ని తుమ్ములు వినుంటుందో ఆమెకే లెక్క లేదు. ఒక్కదానికీ ఎవరూ నీళ్ళివ్వలేదు.

కొమురమ్మ గ్లాసు తెచ్చింది. "తాగుండ్రి భువనమ్మా. మంచిది కాదు. మా ఇంట్ల గిట్లనే తుమ్మితె ఆగలే, ఆటో బోర్ల వడ్డది."

హరిణి ముఖంలో రంగు మారింది. వాచీ చూసుకుంది. నిజంగా వాస్తు చెప్పేదైతే, తుమ్ము పడ్డాక ఆగమని ఆమే ముందు చెప్పాలి. ఆమె మాత్రం పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"హచ్."

ఎలుకపిల్ల కూసినట్టుంది. "చూశారా ఆంటీ? రెండు తుమ్ములు పడితే శుభం. దోషం పోయింది."

"అవునవును! రెండు మంచిదే," అంది లీలాకుమారి ఊపిరి పీల్చుకుని. "కానివ్వమ్మా భువనా."

భువన గ్లాసు పెట్టింది. వేలు మళ్ళీ ఎంటర్ మీదికి వెళ్ళింది.

దీనా ఈసారి వేలు కాదు, అరచెయ్యి మొత్తం రూటర్ మీద రాసింది. లోపలికి ఏం పోయిందో దేవుడికే తెలుసు. బొద్దింక కాలో, గుడ్డో. ముక్కులో నిప్పు పెట్టినట్టయింది.

మూడో తుమ్ము వెంకటేశ్వరరావు గారి ఫోన్ కాల్‌ని కూడా ఆపేసింది. ఉయ్యాలలో పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"మూడు!" లీలాకుమారి గుండె పట్టుకుంది. "ముమ్మాటికీ వద్దు. మూసెయ్ దాన్ని!"

హరిణి, దీనా ఒకరినొకరు చూసుకున్నారు. వరండా నుంచి పూజగది దాకా చూపు తీగలా బిగిసింది. ఇద్దరికీ అర్థమైపోయింది.

"ముహూర్తం దాటిపోతోంది!" అంటూ హరిణి వంగి, భువన భుజం మీదుగా తనే ఎంటర్ వైపు చెయ్యి చాచింది.

చటుక్కున ఆ మణికట్టు లీలాకుమారి పిడికిట్లో ఉంది.

"నా కూతురికి వద్దని నేనంటుంటే నీకెందుకే అంత తొందర? ఆఁ?"

ఇంతసేపూ గారు. ఇప్పుడు ఏకంగా ఏమే.

దుద్దులో ఓంప్రకాష్ రొప్పుతున్నాడు. "దొరికిండ్రు అక్కా! ముగ్గురున్నరు. అంతా చిప్స్ కంపు, మూత్రం సీసాలు... యాక్! ఇగ ఆర్పెయ్ దాన్ని!"

దీనా లేచి పూజగది గుమ్మం దాకా పరిగెత్తింది. అక్కడ ఆగిపోయింది. తన చేతులు చూసుకుంది.

"అమ్మగారూ, నా చేతులు రోతగా ఉన్నాయి. మీరే తీయండి. ఆ దీపం బోర్లించండి."

"ఆర్పకూడదని..."

"పాప మీద ఒట్టు. బోర్లించి చూడండి."

లీలాకుమారి దీపం ఎత్తి తిప్పింది. అడుగున రాగి మూత కింద నాలుగు పచ్చదీపాలు పురుగుల్లా మెరుస్తున్నాయి. రెండు పొట్టి యాంటెన్నాలు. బుల్లి మైకు.

"మనం మాట్లాడిందంతా ఇది విని బయటికి పంపింది," అంది దీనా. "పాపకి పాలిస్తూ మీ అమ్మాయి పాడిన పాటతో సహా."

భువన ముఖం పాలిపోయింది. ల్యాప్‌టాప్ మూసేసి, పరుగున వెళ్ళి పాపని ఎత్తుకుంది. లీలాకుమారి ఆ దీపాన్ని చచ్చిన ఎలుకని తోక పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని, కొమురమ్మ తుడుపు బకెట్‌లో పడేసింది. చుయ్‌మంది. ఇంట్లో అందరి ఫోన్లలోనూ సిగ్నల్ ఒక్కసారిగా చచ్చిపోయింది.

ఆ సందట్లో హరిణి వరండా దాటేసింది. చెప్పులు వేసుకోవడానికి టైమ్ లేదు. మే నెల, మిట్టమధ్యాహ్నం కావస్తోంది, గేటుదాకా నల్ల గ్రానైటు. మూడడుగులు వేసి ఎగిరింది, ఒంటికాలి మీద గెంతింది. మూడు సినిమాల్లోనూ ఆమె అంత బాగా డాన్స్ చేయలేదు. గేటు బయట కనిపించిన ఆటోలో దూకింది.

"పోనియ్! ఎక్కడికైనా పోనియ్!"

"ఎక్కుండ్రి మేడం," అన్నాడు డ్రైవర్ సీట్లోకి అప్పుడే ఎక్కిన ఓంప్రకాష్. "మీటర్ మీద గవర్నమెంట్‌దే కిరాయి."

సాయంత్రం డబ్బింగ్ థియేటర్‌లో రాజబాబు బకెట్‌లోంచి తీసిన దీపాన్ని చూసి తలపట్టుకున్నాడు. "సాక్ష్యాన్ని ఫినాయిల్‌లో ముంచారా?"

"అంతకన్నా మంచిది ఇంట్లో లేదు సార్," అంది దీనా. చేతులు పదోసారి కడుక్కుని వచ్చింది. వాసన పోలేదు. "సంకేతం?"

"భువన ల్యాబ్‌కి వెళ్ళి మార్చింది. ఈసారి ముహూర్తం చూడలేదు." రాజబాబు దీపాన్ని పక్కకి జరిపాడు. "ఓడ బాగానే ఉంది దీనా."

ఆ రాత్రి ఆమె ఇంట్లో రూటర్ తీసి, తుడిచి, అల్మరా పైన పెట్టింది. పాస్‌వర్డ్ మార్చింది. ఫోన్ కెమెరా మీద ప్లాస్టర్ అంటించింది. ఏ ఓడ దీపాలూ కనిపించకుండా నిద్రపోవాలని చూసింది. కుదర్లేదు.

మరి కొన్ని రోజులకి ఫోన్ మోగింది. వెనక కాకులో, సముద్రపు పిట్టలో అరుస్తున్నాయి.

"అమ్మా! రేవుకి వచ్చేశాం."

దీనా కొడుకు పేరు పిలవబోయింది. మాటకన్నా ముందు తుమ్ము వచ్చింది, ఆ బూజు పట్టించిన జలుబు ఇంకా వదల్లేదు.

"ఏంటమ్మా ఆ గొంతు? ఇంత జలుబా? ఎక్కడ తిరిగావు?" కొడుకు దృష్టిలో ఆమె డబ్బింగ్ థియేటర్‌లో అకౌంట్స్ రాసుకునే మనిషి.

"ఎక్కడా తిరగలేదురా," అంది దీనా ముక్కు తుడుచుకుని. "ఇల్లు దులిపాను."